జలుబని రాయి

1973 సెప్టెంబరు 9, ఆదివారం

ఈ డైరీ నాది. నా పేరు అమలమ్మ. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతాను, నా మనవరాలు మార్త రాస్తుంది. నేను "చెప్పా" అంటే అది "చెప్పాను" అని రాస్తోంది. అదేంటే అంటే, పుస్తకంలో అలాగే ఉండాలి మామ్మా అంటోంది. ఉండనీ. మాట నాదైతే చాలు, దానికి గంజి పెట్టి ఇస్త్రీ చేసుకుంటే చేసుకోనీ.

వన్ టౌన్‌లో జవుళి కొట్టువాళ్ళు కొత్త సంవత్సరానికి నా కొడుకు మరియదాసుకి ఇచ్చిన డైరీ ఇది. వాడు ఒక్క పేజీ ముట్టుకోలేదు. రైల్వే ఆఫీసులో పొద్దస్తమానం రాసి రాసి, ఇంటికొచ్చాక కలం చూస్తే వాడికి ఒళ్ళుమంట. బీరువా మీద దుమ్ము కొట్టుకుపోతుంటే నేనే దులిపి తీశాను.

ఎందుకు రాయిస్తున్నానంటే, ఇవాళ గుడి నుంచి వచ్చి అన్నాలకి కూర్చున్నప్పుడు మరియదాసు ఒక మాట అన్నాడు.

"అమ్మా, నువ్వు ఊళ్ళో శవాల పక్కన కూర్చుని ఏడ్చిన సంగతులన్నీ దాని చెవిలో పొయ్యమాక. అది టైపు నేర్చుకుంటంది. దానికి కావాల్సింది స్పీడు, ఏడుపు కాదు."

"ఏడుపేంట్రా? శోకం అను."

"ఏదైతే ఏంటి? అదో పనా?"

పనో కాదో ఇందులో చెబుతాను. ఇది నా వ్యాజ్యం. వాది నేను. ప్రతివాది పొద్దున్నే ఆఫీసుకి పోతాడు కాబట్టి అడ్డుకొట్టేవాళ్ళు ఉండరు.

కూచిపూడి దాటాక కాలవ గట్టు మీద మా ఊరు. అక్కడా, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఎవరు పోయినా ముందు చర్చి ఫాదరుకి, మేము స్వాములవారు అంటాం, ఆయనకి కబురు వెళ్ళేది, ఆ వెంటనే నాకు. స్వాములవారు వచ్చి ఆత్మని సాగనంపేవారు. ఆయన వచ్చేలోపల నేను ఆ మనిషిని ఇంకొక్కసారి నిలబెట్టేదాన్ని. శవం పక్కన కూర్చుని, ఆ మనిషి ఎట్లా బతికిందో వరసపెట్టి చెబుతుంటే, గిట్టనివాళ్ళు కూడా గోడ పక్కన చేరి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. కూలి కోసం శోకం చెప్పలేదు నేను, పిలిస్తే వెళ్ళాను. పెద్ద రైతుల ఇళ్ళ నుంచి బండి కట్టి పంపేవారు. నా పేరే శోకాల అమలమ్మ. నా కొడుక్కి ఆ పేరు నామోషీ. నాకు అది బిరుదు.

ఇంకో సంగతి. మార్త షార్ట్‌హ్యాండ్‌లో చేరబోతోంది. దానికి ఎవరో ఒకరు చెబుతూ ఉంటే చెయ్యి ఆగకుండా రాయడం అలవాటు కావాలట. నేను చెబుతాను రాయవే అన్నాను. అందుకే రాస్తోంది. అంతే. ఇందులో వేరే ఏమీ లేదు.

సెప్టెంబరు 11, మంగళవారం. విడి కాయితం

ఇది డైరీలో కాదు. పక్కింటి సంపూర్ణమ్మ రాస్తోంది, కాయితం ఆమె పూజ గూట్లోనే ఉంటుంది. మార్త కంట పడకూడదు.

అసలు సంగతి ఇక్కడ చెబుతాను. మార్త కథలు రాస్తుంది. కాలేజీలో చేరిన కాడి నుంచీ రాస్తోంది. ఆంధ్ర ఉద్యమంలో కాలేజీలు మూసేసి ఏడాది పోయాక మరియదాసు దాన్ని మళ్ళీ పంపలేదు, టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చాడు. అయినా రాసింది. వారపత్రికకి పంపుతుంది, పోస్టతను తిరిగి తెచ్చిస్తాడు. మళ్ళీ పంపుతుంది, మళ్ళీ తెచ్చిస్తాడు. వచ్చినప్పుడల్లా దొడ్లోకి పోయి ఏడ్చి వచ్చేది. పోయిన వారం మళ్ళీ ఒకటి వచ్చింది. ఈసారి ఏడవలేదు. నాకు భయం వేసింది అప్పుడే. కథలన్నీ మోసుకొచ్చి నీళ్ళ కాగు కింద పెట్టి, ఆ వేడినీళ్ళతోనే తలంటుకుని, జడ వేసుకుని ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళిపోయింది. నాకు చదవడం రాదు గాని, పొయ్యిలో కాలేది ఏంటో తెలుస్తుంది.

అందుకే ఈ డైరీ. రోజూ నా మాట రాస్తూ ఉంటే దాని చెయ్యి రాయడం మర్చిపోదు. చెయ్యి మర్చిపోకపోతే మిగతాది అదే వస్తుంది.

"పిల్ల వద్దనుకుంటే వదిలెయ్యరాదూ వదినగారూ?" అంటోంది సంపూర్ణమ్మ.

వద్దనుకోలేదమ్మా, అలిగింది. అలిగినదాన్ని అన్నానికి పిలుస్తామా, ఆకు ఎత్తేస్తామా?

నా గొంతు కాస్త బొంగురుగా ఉంది. జలుబు. "వేసవి నించీ ఇదే జలుబా?" అని సంపూర్ణమ్మ అడిగింది. అది రాయొద్దన్నాను. రాసేసింది. ఈమె చేతికి అదుపు లేదు.

సెప్టెంబరు 16, ఆదివారం

ఇవాళ మార్తని అడిగాను, వెనక్కొచ్చిన ఆ ఆఖరి కథ ఏంటే అని. పోనీ మామ్మా, కాలిపోయిందిగా అంది. కాలింది కాయితం, కథ నీ కడుపులో ఉంటుంది చెప్పు అన్నాను. తల వంచుకుని గొణిగింది. మెడ్రాసులో సముద్రం ఒడ్డున బంగళా. అందులో సుచిత్ర అనే అమ్మాయి. కారులో ఒక అబ్బాయి వస్తాడు. వర్షం పడుతుంది. ఆ అమ్మాయి పియానో వాయిస్తుంది. చివరికి అబ్బాయి వేరేవాళ్ళని చేసుకుంటే సముద్రంలో దిగిపోతుంది.

"మెడ్రాసు ఎప్పుడు చూశావే?"

"చూళ్ళేదు."

"పియానో?"

"మన గుళ్ళో హార్మోనియం ఉందిగా."

"మరి హార్మోనియం రాయొచ్చుగా."

"హార్మోనియం వాయించే అమ్మాయి కథ ఎవరు చదువుతారు మామ్మా?"

"దాని గాలితిత్తి చిరిగితే బొంత గుడ్డ అంటించి వాయించే అమ్మాయి అయితే నేను వింటాను. ఆ సుచిత్ర సముద్రంలో దిగినా, ఒడ్డున కూర్చుని బఠాణీలు తిన్నా నాకేంటి? ఆ పిల్ల ఎవరో నాకు తెలీదు. నీకూ తెలీదు. మీ పత్రికాయనకి మాత్రం ఎట్లా తెలిసిద్ది?"

మొహం ముడుచుకుంది. ముడుచుకుంటూనే ఇదంతా రాస్తోంది. మొహం ముడుచుకుందని కూడా రాయి అన్నాను. రాసింది. ఏం చెబితే అది రాస్తుంది ఈ పిల్ల. పత్రికవాళ్ళు బాగాలేదంటే బాగాలేదు, తండ్రి టైపు అంటే టైపు. ఎదురు చెప్పడం రాదు. ఎవరి పోలికో నాకు తెలియదు. నాది కాదు.

సెప్టెంబరు 20

దగ్గు. మిరియాల పాలు తాగాను. జలుబు.

సెప్టెంబరు 23, ఆదివారం

శోకం చెప్పడం ఎట్లాగో ఇవాళ చెబుతాను. నా వ్యాజ్యానికి ఇది ముఖ్యం.

మంచిదానివే తల్లీ, బంగారానివే తల్లీ అని ఏడ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. అది ఏ శవం ముందైనా చెల్లుతుంది కాబట్టి ఏ శవానికీ అందదు. నేను ఎవరింటికి వెళ్ళినా ముందు ఇల్లంతా చూసేదాన్ని. చెంబు ఎక్కడ పెట్టుకుంది, చీపురు ఎట్లా నిలబెట్టింది, ఎవరిని ఏ పిలుపు పిలిచింది. ఆ మనిషికే ఉండి, ఇంకొకరికి లేనిది ఒక్కటి దొరికేదాకా నోరు తెరిచేదాన్ని కాదు. దొరికాక ఇక ఏడవక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే జనమే ఏడుస్తారు.

"ఒక్కటి అంటే ఎట్లాంటిది మామ్మా?" అంది మార్త.

తెరేసమ్మ సంగతి చెప్పాను. మా ఊళ్ళో తెరేసమ్మ, నేను ఒకే ఏడు కాపురానికి వచ్చాం. ఒకే చేలో నాట్లు వేశాం. రోజూ తెల్లారగానే కొబ్బరిచిప్ప పట్టుకుని నిప్పు కోసం మా ఇంటికి వచ్చేది. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊళ్ళో సంగతులన్నీ చెప్పి, నా సంగతులన్నీ లాగి, అప్పుడు ఒక నిప్పు కణిక తీసుకుని వెళ్ళేది. ఒకరోజు లేవబోతుంటే కొంగు ముడి ఊడి అగ్గిపెట్టె కింద పడింది. ఏంటే ఇది అన్నాను. "అగ్గిపెట్టె ఉందని మానేస్తే, మాటలు ఎవరింట్లో వెలిగించుకోను?" అంది ఆ మహాతల్లి. ఇప్పటికీ ఊళ్ళోనే ఉంది. నా శోకం నువ్వే చెప్పాలి, లేకపోతే లేచి నేనే చెప్పుకుంటాను అని బెదిరిస్తుంది.

మార్త రాస్తూ రాస్తూ నవ్వింది. ఆ కథలు కాల్చాక నవ్వడం ఇదే మొదలు.

"ఇది కథేనా మామ్మా?"

"నువ్వు నవ్వావా లేదా?"

నేను ఒక పని చెప్పాను. రోజూ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చేటప్పుడు ఒక మనిషిని తీసుకురావాలి. నడిపించి కాదు, నోట్లో పెట్టుకుని.

సెప్టెంబరు 27, గురువారం

మొదటి రోజు టైపు మాస్టారిని తెచ్చింది. "చాలా మంచివారు, ఓర్పు ఎక్కువ." పనికిరాదు, తిరిగి తీసుకుపో అన్నాను. మర్నాడు తెచ్చింది. "బట్టతల, కళ్ళజోడు." మన ఊరు సగం అదే, తీసుకుపో అన్నాను. నిన్న ఏమీ తేలేదు. కోపం వచ్చినట్టుంది.

ఇవాళ చెప్పులు కూడా విప్పకుండా వచ్చి చెప్పింది. "మామ్మా, మాస్టారు కాయితం చదవరు. ముందు కిటికీ దగ్గర వెలుగుకి ఎత్తి చూస్తారు. ఫుల్‌స్టాపు గట్టిగా కొడితే కాయితానికి చిల్లు పడిద్ది. చిల్లుల్లోంచి ఎండ కనపడితే, ఎవరి మీదమ్మా ఇంత కోపం అని అడుగుతారు. ఇవాళ నా కాయితం చూసి అడిగారు."

"ఎవరి మీదని చెప్పావు?"

"మా మామ్మ మీద అని."

నాకు దగ్గొచ్చేంత నవ్వు వచ్చింది. ఈ మాస్టారు పోతే చెప్పడానికి నాకు ఇది చాలు. నిండు నూరేళ్ళు బతకనీ.

అక్టోబరు 4, గురువారం

ప్రతివాదితో పోట్లాట.

మరియదాసు ఆఫీసు నుంచి వచ్చేసరికి మార్త దొడ్లో కూరలమ్మి నడక నాకు నడిచి చూపిస్తోంది. వాడు సైకిలు గోడకి ఆనించకుండానే మొదలెట్టాడు.

"పరీక్ష దగ్గరికొస్తంటే ఏంటే ఆ నాటకాలు? అమ్మా, నువ్వు దీన్ని నీలాగా చేద్దామనుకుంటన్నావా?"

"నాలాగా అంటే?"

"ఆఫీసులో మా సూపర్నెంటుది కూడా మనవైపు ఊరే. అందరిముందు, 'మీ అమ్మగారు శోకాల అమలమ్మ గారు కదూ' అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలా."

"గారు అన్నాడా?"

"అన్నాడు."

"మరింకేంట్రా నీ ఏడుపు?"

కోడలు లోపల్నుంచి నవ్వు ఆపుకోలేక గిన్నె జారవిడిచింది. వాడికి ఇంకా మండింది. "రేపు నేను పోతే నా గురించి ఏం చెబుతావో చెప్పు చూద్దాం!" అన్నాడు.

"నీ గురించి చెప్పడానికేముందిరా? ఫైలు మీద ఫైలు, దాని మీద ఫైలు."

అన్నాను గాని, అనకుండా ఉండాల్సింది. వాడు అన్నం తినకుండా పేపరు పట్టుకుని కూర్చున్నాడు. మాట గట్టిగా అనాలంటే గొంతు పైకి రాలేదు, అందుకే అంత పదునుగా అన్నట్టున్నాను. గట్టిగా అరిచి ఉంటే అంత గుచ్చుకునేది కాదు.

అక్టోబరు 10

పెద్దాసుపత్రికి వెళ్ళి వచ్చాం, నేనూ సంపూర్ణమ్మా. జలుబే.

అక్టోబరు 12

జలుబని రాయి. అంతే. ఇంకేమీ రాయొద్దు.

అక్టోబరు 21, ఆదివారం

మార్త తన చెవి నా నోటి దగ్గర పెట్టుకుని రాస్తోంది. ఊళ్ళో మంచు తగిలింది, దాంతో గొంతు పట్టేసింది.

శుక్రవారం పొద్దున్నే మా ఊరి గుళ్ళో జపాలు చెప్పించే ఉపదేశి అంతోని మొదటి బస్సులో దిగాడు. గడపలో నిలబడి చెప్పాడు. "తెరేసమ్మ పోయింది అమలమ్మక్కా. అమలమ్మ వచ్చి చెప్పిందాకా నన్ను లేపొద్దని చెప్పి మరీ పోయింది."

చీర మార్చుకుని బయల్దేరాను. మార్త నేనూ వస్తానంది. పరీక్ష ఉంది, వద్దన్నాడు మరియదాసు. అది ఆగింది. తండ్రి మొహం చూసింది, నా మొహం చూసింది. "మామ్మకి బాగాలేదు నాన్నా, ఒక్కదాన్నీ ఎట్లా పంపిస్తాం?" అంది. ఎదురు చెప్పడమే అది. చిన్నదే అనుకోండి. నేను గమనించనట్టు గొడుగు వెతుక్కున్నాను.

పామర్రులో బస్సు మారి ఊరికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. తెరేసమ్మ ఇంటి ముందు జనం. "వచ్చింది శోకాలమ్మ" అని ఎవరో అన్నారు, దారి ఇచ్చారు. నేను ఇల్లంతా చూసే పని లేదు. ఆ ఇల్లు నాకు తెలుసు. ఆమె తల దగ్గర కూర్చున్నాను. నుదురు మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. నోరు తెరిచాను.

తెరేసమ్మా అన్నాను.

గాలి వచ్చింది. మాట రాలేదు.

గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాను. ఎండిపోయిన బోరింగు పంపు కొట్టినట్టు ఒక చప్పుడు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వెనకనుంచి ఎవరో మెల్లగా అన్నారు, "పెద్దదైపోయింది, పాపం."

పాపమట. నన్ను. ఆ వాకిట్లో.

అంతోని నా పరిస్థితి చూసి జపమాల తీశాడు. జపం మొదలెడితే ఇక శోకం ఉండదు, లేపేస్తారు. తెరేసమ్మ అడిగింది అదొక్కటే. ఇన్నేళ్ళు నన్ను బెదిరించి బెదిరించి అడిగింది. నేను ఆమె కొంగు పట్టుకుని అట్లాగే కూర్చున్నాను, చిన్నపిల్లలాగా.

అప్పుడు నా వీపు వెనకనుంచి ఒక గొంతు లేచింది. సన్నంగా, వణుకుతూ. వరస నాదే. గొంతు నాది కాదు.

అగ్గిపెట్టె కొంగున కట్టుకుని
నిప్పు కోసం వచ్చేదానివే మామ్మా
నిప్పు ఒక్కటీ అడిగావా
నిన్నటి మాటలన్నీ అడిగావా
ఇవాళ ఏ ఇంటికి పోయావే
ఏ పొయ్యి ముందు కూర్చున్నావే
ఆ ఇంటివాళ్ళకి తెలుసునా
నీ కొంగున అగ్గిపెట్టె ఉందని

మొదట ఎవరో నవ్వారు. ఆ నవ్వు అట్లాగే ఏడుపైపోయింది. వాకిలి మొత్తం కదిలింది. తెరేసమ్మ కోడలు, జన్మలో అత్తతో ఒక మంచి మాట ఆడని మనిషి, లోపలికి పరిగెత్తి పొయ్యిగట్టు మీది అగ్గిపెట్టె తెచ్చి, కొత్త చీర కొంగున ముడి వేసింది. శవపేటికలో అట్లాంటివి పెట్టొచ్చో లేదో ఉపదేశి చెప్పాలి. అంతోని మొహం అటు తిప్పుకుని ఆకాశం చూశాడు.

అగ్గిపెట్టె సంగతి దానికి నేను చెప్పిందే. ఏ పొయ్యి ముందు కూర్చున్నావే, ఆ ఇంటివాళ్ళకి తెలుసునా, ఈ మాటలు నేను చెప్పినవి కావు. నాకు తట్టనే లేదు. నేను చెప్పి ఉంటే కొంగు దగ్గర ఆగిపోయేదాన్ని. ఇది పరలోకం దాకా పోయి తలుపు కొట్టింది.

మార్త ఇది రాయడానికి సిగ్గుపడుతోంది. రాయవే. వ్యాజ్యం నాది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మార్త, ఉయ్యూరు దగ్గర చక్కెర ఫ్యాక్టరీ వాసన తగలగానే అడిగింది, "మామ్మా, ఇన్‌స్టిట్యూట్‌లో టైపు కొట్టి పారేసిన కాయితాలు వెనకవైపు ఖాళీగానే ఉంటాయి కదా?"

ఉంటాయి అన్నాను.

అక్టోబరు 24, బుధవారం. విడి కాయితం

సంపూర్ణమ్మ రాస్తోంది. డాక్టరు గుంటూరు పెద్ద ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోమన్నాడు, కాయితం రాసిచ్చాడు. జలుబుకి గుంటూరు ఎందుకు? సంపూర్ణమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. ఆవిడకి ఊరికే కళ్ళు తుడుచుకోవడం అలవాటు. మృతుల పండగ తర్వాత వెళ్తాను అన్నాను.

మార్త దొడ్లో జామచెట్టు కింద కూర్చుని రాసుకుంటోంది. ఏం రాస్తున్నావే అంటే చెప్పలేదు. చెప్పలేదు! అన్నీ చెప్పే పిల్ల.

అక్టోబరు 30

ఇవాళ కూడా సంపూర్ణమ్మే. మార్తకి నా డైరీ రాయడానికి తీరిక లేదట. "తర్వాత మామ్మా" అంది తల ఎత్తకుండా. ఇంట్లో నాతో ఆ మాట అనే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ లేదు. చాలా పొగరుగా ఉంది దానికి. సంపూర్ణమ్మా, పొగరు అని పెద్ద అక్షరాలతో రాయి.

నవంబరు 2, శుక్రవారం

మృతుల పండగ. సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించాం. మార్త జేబురుమాలు తెచ్చుకోకుండా అగ్గిపెట్టె మాత్రం తెచ్చుకుంది.

నవంబరు 11, ఆదివారం

ఇవాళ మార్త రాస్తోంది. చాలా సంగతులున్నాయి. నా నోటికి దగ్గరగా రా.

పొద్దున గుడి నుంచి వచ్చాక మార్త తన కథ చదివి వినిపించింది. నేను మంచం మీద, సంపూర్ణమ్మ పీట మీద, కోడలు గుమ్మంలో. మరియదాసు వినడం లేదు. అరుగు మీద కూర్చుని బూట్లకి పాలిష్ వేసుకుంటున్నాడు. ఆదివారం ఏ ఆఫీసు ఉందో ఆయనకే తెలియాలి. ఒక బూటుకే పాలిష్ వేసి వేసి దాన్ని అద్దం చేశాడు.

కథ నా గురించే. మెడ్రాసు లేదు, పియానో లేదు. కాలవ గట్టు, వాకిలి, శవాల పక్కన కూర్చునే ఒక ముసలామె. ఆమె నోరు ఎంత చెడ్డదో కూడా ఉంది. ఫైలు మీద ఫైలు అన్న మాట కూడా ఉంది. అక్కడికి వచ్చేసరికి అరుగు మీద బ్రష్షు చప్పుడు ఆగింది.

చదవడం అయ్యాక మరియదాసు లోపలికి వచ్చాడు. ఒక కాలికి బూటు ఉంది, రెండో కాలికి లేదు.

"మా నాన్న సంగతి రాయలేదే ఇందులో?" అన్నాడు మార్తతో.

"తాతయ్య సంగతి నాకు తెలీదు నాన్నా."

"నాకూ తెలీదు" అన్నాడు వాడు. "మా నాన్న మొహం నాకు గుర్తు లేదు. నేను అప్పుడు మరీ చిన్న. మీ మామ్మ ఆయన శవం పక్కన చెప్పింది మాత్రం గుర్తుంది. చెప్పులు చంకలో పెట్టుకుని గట్టు మీద నడిచి, గుడి మెట్ల దగ్గర తొడుక్కునేవాడని. అరిగిపోతాయని కాదు, దేవుడి ముందు అవి కొత్తగా కనపడాలని. మా నాన్న అంటే ఇప్పటికీ నాకు అదే. ఇంకేం లేదు నా దగ్గర."

అన్నేళ్ళ కిందట మా ఆయన శౌరయ్య పోయిన రోజు వాడు నా ఒళ్ళో ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. విన్నాడన్నమాట. విని ఇన్నేళ్ళు దాచుకున్నాడు.

వాడు బూటు విప్పి, చెప్పులు తొడుక్కుని బజారుకి వెళ్ళి, పెద్ద కవరు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టాడు.

నా వ్యాజ్యం అయిపోయింది. ఏడుపు పనా అని అడిగినవాడే వచ్చి సాక్ష్యం చెప్పాడు. ఇది రాసుకో, గెలిచాను.

కథ కవర్లో పెట్టబోతుంటే నేను మార్తని ఆపాను. చివర్లో ఒక మాట ఉంది. "తెరేసమ్మ శవం ముందు మా మామ్మ గొంతు పోయింది" అని. అంతా బాగుంది గాని ఆ మాట మార్చు అన్నాను.

"ఏం మార్చను?"

"జలుబు చేసింది, మాట రాలేదు, అని రాయి."

"రాయను."

సంపూర్ణమ్మ ఇటు చూసింది. కోడలు అటు చూసింది. ఈ పిల్ల నా మొహంలోకే చూస్తోంది. కళ్ళలో నీళ్ళున్నాయి, చూపు మాత్రం దించలేదు.

"ఇన్నాళ్ళూ నువ్వు జలుబని రాయమంటే రాశాను మామ్మా. నాకు తెలీక కాదు. డైరీ నీది, నువ్వేం చెబితే అది రాశాను. కథ నాది. ఉన్నది ఉన్నట్టు చెప్పమని నువ్వే కదా అన్నావు?"

"పత్రికాయన మార్చమంటే?"

"ఆయనక్కూడా మార్చను."

"మీ నాన్న మార్చమంటే?"

"మార్చను."

ఎవరి పోలికో ఇప్పుడు తెలిసింది. ఇంకెవరిది, నాదే.

కవరు నేనే అంటించాను. పోస్టు డబ్బా దాకా నేనే నడిచాను, అది పక్కన నడిచింది. వెనక్కి రావచ్చు. వస్తే మళ్ళీ పంపుతుంది. కాగు కింద పెట్టదు, ఆ సంగతి నాకు దాని నడకలోనే తెలిసింది. రేపు మరియదాసు సెలవు పెట్టి నన్ను గుంటూరు తీసుకెళ్తాడు.

ఇంటికొచ్చాక, ఆ మాట ఈ డైరీలో కూడా రాయవే అన్నాను. ఏ మాట అంది. తెలిసే అడిగింది. నా నోటితో చెప్పించాలని.

చెప్పాను. నా గొంతు పోయింది.

రాసింది. పెన్ను మూత పెట్టబోతుంటే ఆపాను. పోయింది అన్న చోట ఫుల్‌స్టాపు మెల్లగా పెట్టవే, కాయితానికి చిల్లు పడిద్ది అన్నాను.